పాత బెంజి ఆటోమేటిక్ గేర్‌బాక్సు: కిందికి దింపకముందే చూడాల్సినవి (నా అనుభవం)

బండి 2002 మోడల్ సి 220 సీడీఐ, డబ్ల్యూ203 బాడీ. లోపల ఉన్నది బెంజి వాళ్ల ఐదు గేర్ల 722.6 ఆటోమేటిక్ బాక్సు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గేర్లన్నీ బాగానే పడేవి. ట్రాఫిక్‌లో తిరిగి వేడెక్కాక ఉన్నట్టుండి గేరు మారడం మానేసేది. ఇంజిన్ ఆపి స్టార్ట్ చేసి మళ్లీ ‘డి’లో కదిలిస్తే రెండో గేర్‌తోనే బరువుగా లేచేది, అరవై దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ గోల పెట్టేది. తాళం తీసి, ఇంకొంచెం ఎక్కువసేపు ఆగి స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే. దానికి తోడు ఒకటి నుంచి రెండుకి పడేటప్పుడు గట్టి జెర్క్. చూపించిన గ్యారేజీలో వచ్చిన మాట ఒక్కటే: “బాక్సు పోయింది, దింపి ఓవర్‌హాల్ చెయ్యాలి.”

ఈ లక్షణాలను బట్టి చూస్తే బాక్సు పోలేదు. క్లచ్ ప్లేట్లు కాలిన బాక్సు తాళం తిప్పి తీసినంత మాత్రాన బాగుపడదు. ఆపి స్టార్ట్ చేస్తే సర్దుకునేది దాదాపు ఎప్పుడూ కరెంటు సంగతే. 722.6లో గేర్లు మార్చేది ఈజీఎస్ అనే కంప్యూటరు. సెన్సర్ల నుంచి పొంతన లేని సంకేతం వస్తే అది సోలనాయిడ్లకు (కరెంటుతో ఆయిల్ దారులు తెరిచి మూసే వాల్వులకు) కరెంటు ఆపేసి ఉన్న గేర్‌లోనే ఉండిపోతుంది. బండి ఆపి ‘పి’లో పెట్టి, ఇంజిన్ ఆపి, పది సెకన్లు ఆగి స్టార్ట్ చేస్తే, తప్పు ఇంకా ఉన్నప్పుడు రెండో గేరూ రివర్సూ మాత్రం ఇస్తుంది, తప్పు అప్పటికి పోయి ఉంటే అన్ని గేర్లూ తిరిగొస్తాయి. దీన్నే లింప్ మోడ్ అంటారు. ఇంటికి చేరడానికి ఇచ్చిన సదుపాయమే గానీ, బాక్సు చచ్చిపోయిందనడానికి గుర్తు కాదు.

ఈ బాక్సు 1996లో వచ్చింది. డబ్ల్యూ210 ఈ-క్లాస్, డబ్ల్యూ220 ఎస్-క్లాస్, మొదటి తరం ఎం-క్లాస్, క్రైస్లర్ 300సీ, మన దగ్గర తిరిగిన రెక్స్‌టన్ ఆటోమేటిక్, అన్నింట్లోనూ ఇదే కుటుంబం. కాబట్టి కింద రాసింది ఒక్క సి-క్లాస్‌కే పరిమితం కాదు.

మొదట బ్యాటరీ. నవ్వకండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టుల కంటే తక్కువుండి, స్టార్ట్ చేసేటప్పుడు బాగా పడిపోయే బ్యాటరీతో ఈజీఎస్‌లో అర్థంలేని తప్పు కోడ్‌లు నిండిపోతాయి. ముందు దాన్ని సరిచేసి, కోడ్‌లు చెరిపి, ఆ తర్వాత వచ్చినవాటినే నమ్మాలి.

తర్వాత ఆయిల్ లెవెల్. ఈ బాక్సుకి ట్యూబు ఉంటుంది గానీ అందులో డిప్‌స్టిక్ ఉండదు. మూతకి ఎర్ర ప్లాస్టిక్ పిన్ను ఉంటుంది, తీస్తే విరుగుతుంది. కొత్తది (ఏ 140 991 00 55) ముందే తెచ్చి పెట్టుకోవాలి. కొలిచే పుల్ల విడిగా కొనుక్కోవాలి, దాని నంబరు 140 589 15 21 00. బయట దొరికే నకలు పుల్లలతోనూ పని జరుగుతుంది, కాకపోతే పొడవు సరిపోయిందా అని ఒకసారి చూసుకోవాలి. చదునైన నేల మీద, ఇంజిన్ ఐడిల్‌లో, ‘పి’లో కొలవాలి. 25 డిగ్రీలకు ఒక గీత, 80 డిగ్రీలకు ఒక గీత ఉంటాయి. నమ్మాల్సింది 80 గీతనే.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. స్కానర్‌లో ‘పి’, ‘ఎన్’లలో కనిపించే ఆయిల్ ఉష్ణోగ్రత అసలు ఆయిల్‌ది కాదు. టెంపరేచర్ సెన్సర్, పార్క్-న్యూట్రల్ కాంటాక్టు ఒకే లైన్‌లో సిరీస్‌లో ఉంటాయి. ‘పి’లో ఆ కాంటాక్టు తెరుచుకుంటుంది, సెన్సర్ కనపడదు, ఈజీఎస్ దాని బదులు ఇంజిన్ కూలెంట్ ఉష్ణోగ్రత వాడుకుంటుంది. ఇంజిన్ 85కి చేరినా బాక్సు ఆయిల్ ఇంకా 50 దగ్గరే ఉండొచ్చు. అందుకే బ్రేకు తొక్కి ‘డి’లో పెట్టి ఉష్ణోగ్రత చదవాలి, ఆ తర్వాత ‘పి’లోకి మార్చి పుల్ల పెట్టాలి. ఇది తెలియకపోతే చల్లగా ఉన్న ఆయిల్‌ని వేడి గీత దాకా నింపేస్తారు, నిజంగా వేడెక్కాక లెవెల్ ఎక్కువై లోపల తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి. ఆయిల్ తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ‘డి’లో పెట్టాక రెండు సెకన్లు ఆగి గేరు పడుతుంది. రెండు తప్పులకూ లక్షణాలు కొంచెం ఒకేలా ఉంటాయి, కొలవకుండా ఊహించకూడదు.

ఆయిల్ రంగు కూడా చూడాలి. ముదురు ఎరుపు, గోధుమ రంగు ఫర్వాలేదు. నల్లగా, మాడిన వాసనతో ఉంటే ప్లేట్లు అరిగినట్టే. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ లోపలి ఆయిల్ కూలర్ లీకై కూలెంట్ బాక్సులోకి వచ్చిందన్నమాట. అప్పుడు మిగతా పనులన్నీ ఆపి ముందు రేడియేటర్ మార్చాలి. కూలెంట్‌లోని గ్లైకాల్ తగిలితే టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌కీ బాక్సుకీ మధ్య ఆయిల్‌తో శక్తి అందించే భాగం) లోపలి లాకప్ క్లచ్ మీది లైనింగ్ అంటు వదిలేస్తుంది, ఎన్నిసార్లు ఆయిల్ మార్చినా ఆ నష్టం తీరదు. ఈ బండిలో అలాంటిదేం లేదు. లెవెల్ మాత్రం కొంత తక్కువుంది. తక్కువుంటే ఎక్కడికో పోయి ఉండాలి కదా.

పోయిన దారి 13 పిన్నుల కప్లర్, అంటే వైర్లు తగిలించే ప్లగ్గు. బాక్సు కుడిపక్కన, చాంబర్‌కి (అడుగున ఆయిల్ నిలిచే తట్టకి) పైగా, గుండ్రంగా ఉంటుంది. బయటి కప్లర్‌ని ఎడమకు తిప్పి లాగితే ఊడుతుంది. దాని లోపల ఓ ప్లాస్టిక్ బుష్ ఉంటుంది, దాని రెండు ఓరింగులు వేడికి గట్టిపడి ఆయిల్ వదులుతాయి. కింద చుక్కలు పడితే మేలే, తెలుస్తుంది. అసలు ప్రమాదం కనపడని లీకు. దీపంలో వత్తి నూనె పీల్చినట్టు వైరు లోపలి రాగి పోగులు ఆయిల్‌ని పైకి లాక్కుపోతాయి, అది హార్నెస్ (వైర్ల కట్ట) పొడుగునా ప్రయాణించి ఈజీఎస్ కప్లర్‌లో తేలుతుంది. డబ్ల్యూ203లో ఈజీఎస్ ప్యాసింజర్ కాళ్ల దగ్గర కార్పెట్ కింద ఉంటుంది. ఈ బండిలో బాక్సు కప్లర్ విప్పగానే పిన్నులన్నీ ఎర్రగా తడి. ఈజీఎస్ వైపు కప్లర్‌లోనూ రెండు మూడు పిన్నుల దగ్గర ఆయిల్ మెరుస్తోంది.

ఇంత చూశాక బుష్ మార్చేసి పంపేస్తే సగం పనే. బుష్ (ఏ 203 540 02 53) చవకైన ముక్క, దాన్ని మార్చడం ఎలాగూ తప్పదు. కానీ వేడెక్కాకే లింప్ ఎందుకు వస్తోందో ఇంకా తేలలేదు. దానికి స్కానర్ కావాలి. రోడ్డు పక్కన దొరికే చిన్న ఓబీడీ బ్లూటూత్ ముక్క పనికిరాదు, అది ఇంజిన్ దగ్గరే ఆగిపోతుంది. ఈజీఎస్‌లోకి వెళ్లి లైవ్ డేటా చూపించగలిగేది కావాలి. బెంజి స్టార్ డయాగ్నోసిస్ అయినా, మంచి మల్టీబ్రాండ్ స్కానర్ అయినా సరే.

చూడాల్సింది ఎన్2, ఎన్3 అనే రెండు స్పీడ్ సెన్సర్లు. బాక్సు లోపల కండక్టర్ ప్లేటు (సెన్సర్లూ సోలనాయిడ్ల కనెక్షన్లూ ఉండే పలక) మీద ఉంటాయి, ముందు వైపు ప్లానెటరీ గేర్ల సెట్టులో రెండు భాగాల వేగం చదువుతాయి. రెండు, మూడు, నాలుగు గేర్లలో కే1 క్లచ్ ఆ రెండు భాగాలనూ కలిపి బిగిస్తుంది. కాబట్టి ఆ మూడు గేర్లలో రెండు అంకెలూ సమానంగా ఉండాలి. ఒకటి, ఐదు గేర్లలో ఆ సెట్టు నడిమి చక్రం (సన్ గేర్) ఆగి ఉంటుంది కనక ఒక అంకె సున్నా చూపాలి. అంతే పరీక్ష. బండి మూడో గేర్‌లో పోతుండగా ఒక సెన్సర్ 1,800 చూపిస్తూ ఇంకోటి 1,800, 0, 1,800, 0 అని ఎగిరితే, ప్లేట్లు జారుతున్నాయనుకోకూడదు, సెన్సర్ చస్తోంది. ఈజీఎస్‌కి మాత్రం ఆ తేడా తెలియదు. అది ‘గేర్ నిష్పత్తి కుదరడం లేదు’ అన్న కోడ్ కూడా వేస్తుంది. గ్యారేజీలో ఆ ఒక్క కోడ్ చూసే ‘బాక్సు జారుతోంది’ అని తీర్పు ఇచ్చేస్తారు.

ఆయిల్ 90 డిగ్రీలు దాటేవరకు నడిపి రికార్డు చేస్తే సరిగ్గా అదే జరిగింది: చల్లగా ఉన్నప్పుడు రెండూ జోడుగా, వేడెక్కాక ఒకటి తెగి తెగి. ఈ హాల్ సెన్సర్లకు ఈజీఎస్ 6 వోల్టులు ఇస్తుంది. సెన్సర్‌ని తిట్టేముందు ఆ 6 వోల్టులు కప్లర్ దాకా వస్తున్నాయా అని మీటర్‌తో చూశాను. వస్తున్నాయి. వైర్లు ఊపి చూసినా మారలేదు. అంటే తప్పు లోపల కండక్టర్ ప్లేటులోనే.

ఇంకో రెండు బయటి అనుమానాలు కూడా కొట్టేయాలి. ఈ బాక్సుకి బయటికి పోయే వేగం చెప్పే సెన్సర్ సొంతంగా లేదు, వెనక చక్రాల ఏబీఎస్ సెన్సర్ల వేగాన్నే క్యాన్ లైన్ (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్లు) మీద తీసుకుంటుంది. వెనక చక్రం సెన్సర్‌కి మట్టి పట్టినా గేర్లు తికమకపడతాయి. అలాగే ఇంజిన్ ఎంత టార్క్ ఇస్తోందన్న లెక్క బట్టే ఈజీఎస్ ప్రెషర్ ఎంతో నిర్ణయిస్తుంది. సీడీఐ డీజిల్ ఇంజిన్లో, లోపలికి పోయే గాలిని కొలిచే ఎయిర్ మాస్ మీటరు పాడైతే ఆ లెక్క తప్పి జెర్క్ వస్తుంది. ఈ రెండూ ఇందులో బాగానే ఉన్నాయి.

సామాన్లు తెచ్చుకున్నాక పని. కండక్టర్ ప్లేటు (ఏ 140 270 11 61), ఫిల్టర్ (ఏ 140 277 00 95), చాంబర్ గ్యాస్కెట్ (ఏ 140 271 00 80), కప్లర్ బుష్, ఎర్ర పిన్ను, డ్రెయిన్ ప్లగ్ వాషర్లు, బెంజి 236.14 స్పెసిఫికేషన్ ఆయిల్ 9 లీటర్లు. పాత 236.10 అడిగిన బాక్సుల్లో కూడా 236.14 వేయొచ్చు. ఎర్రగా ఉంటే చాలని డెక్స్‌రాన్-3 అనే వేరే రకం ఆయిల్ పోసేవాళ్లు మన ఊళ్లలో కోకొల్లలు. ఈ బాక్సు లాకప్ క్లచ్ పూర్తిగా బిగుసుకోకుండా కొద్దిగా జారుతూ పనిచేస్తుంది, ఆ జారుడుకి తగ్గ ఫ్రిక్షన్ గుణం లేని ఆయిల్ పోస్తే అరవై, ఎనభై మధ్య లైట్ యాక్సిలరేటర్ మీద బండంతా సన్నగా అదురుతుంది. ఆ అదురుని టైర్ బ్యాలెన్సింగ్ చేయించి పోగొట్టాలని చూసేవాళ్లూ ఉన్నారు.

బండిని నాలుగు స్టాండ్ల మీద మట్టసంగా ఎత్తి, గోరువెచ్చగా ఉండగా చాంబర్ డ్రెయిన్ ప్లగ్ విప్పితే నాలుగు లీటర్ల దాకా వస్తుంది. మిగిలింది టార్క్ కన్వర్టర్‌లో ఉంటుంది. పాత బాక్సుల్లో కన్వర్టర్‌కి కూడా 5 ఎం.ఎం. అలెన్ ప్లగ్ ఉంది. క్రాంక్ పుల్లీ బోల్టు పట్టుకుని ఇంజిన్‌ని మెల్లగా తిప్పితే బెల్ హౌసింగ్ కింది కిటికీలోకి వస్తుంది. తర్వాతి బాక్సుల్లో ఆ ప్లగ్ తీసేశారు, వాటికి కూలర్ పైపు విప్పి మార్చుకోవాల్సిందే. వచ్చిన ఆయిల్ మొత్తాన్ని గీతలున్న డబ్బాలో కొలిచి పక్కన పెట్టాలి. తిరిగి ఎంత పోయాలో చెప్పేది అదే.

చాంబర్‌కి ఆరు టార్క్స్ బోల్టులు. దించాక లోపలి అయస్కాంతాన్ని చూడండి. సన్నని బూడిదరంగు పేస్టు వయసు వల్ల వచ్చేది, భయం లేదు. వేళ్ల మధ్య గుచ్చుకునే ముక్కలు, ఇత్తడి రంగు తళుకులు కనిపిస్తే మాత్రం అక్కడితో ఆగి ఓవర్‌హాల్ గురించి నిజంగా ఆలోచించాలి. ఇందులో పేస్టే ఉంది.

ఫిల్టర్ కిందికి లాగితే ఊడుతుంది. ఇప్పుడు వాల్వ్ బాడీ, అంటే ఆయిల్‌ని క్లచ్‌లకు పంచే వాల్వుల దిమ్మ. దాన్ని దించేముందు కప్లర్ బుష్ బయటికి తీయాలి, మర్చిపోయి కిందికి గుంజితే కొత్త ప్లేటైనా పాతదైనా పగులుతుంది. బుష్ లోపల 7 ఎం.ఎం. బోల్టు ఉంటుంది, పొడుగు సాకెట్‌తో వదులు చేసి లాగాలి. తర్వాత వాల్వ్ బాడీ బోల్టులు టార్క్స్ 30తో. ఏ బోల్టు ఎక్కడిదో అట్టముక్క మీద అదే వరసలో గుచ్చుకోవాలి. వదిలేకొద్దీ ఆయిల్ ధారగా కారుతుంది, బరువూ బాగానే ఉంటుంది, రెండు చేతులూ సిద్ధంగా ఉంచుకోవాలి.

బల్ల మీద పరిచేది నూలుపోగులు రాని గుడ్డ. బనియన్ వేస్టు వద్దు, ఒక్క పోగు చిన్న వాల్వ్‌లో ఇరుక్కున్నా కొత్త కంప్లైంటు మొదలవుతుంది. వాల్వ్ బాడీ రెండు సగాలనూ విడదీయాల్సిన అవసరం లేదు, విడదీస్తే చెక్ బాల్స్ ఎక్కడివక్కడ పెట్టడం పెద్ద పని. కండక్టర్ ప్లేటు పైనే ఉంటుంది. దానికి ఆరు సోలనాయిడ్లు గుచ్చి ఉంటాయి: గేర్లు మార్చే ఆన్-ఆఫ్‌వి మూడు, ప్రెషర్ నియంత్రించేవి రెండు, లాకప్‌ది ఒకటి. తీసేటప్పుడే మీటర్ పెట్టి చూశాను. 20 డిగ్రీల దగ్గర ఆన్-ఆఫ్‌వి 3.8 ఓంలు, ప్రెషర్‌వి 5 ఓంలు, లాకప్‌ది 2.5 ఓంలు రావాలి, 0.2 అటూఇటూ. మన ఎండల్లో కొద్దిగా ఎక్కువ చూపిస్తే కంగారుపడక్కర్లేదు. మూడింట్లో ఒకటి మాత్రం విడిగా తేడాగా ఉంటే మార్చాలి. అన్నీ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ప్రతిదాని ఓరింగులూ మార్చి, ఏది ఎక్కడ ఉందో అక్కడే పెట్టాను.

తిరిగి ఎక్కించేటప్పుడు జాగ్రత్త ఒక్కచోటే. సెలెక్టర్ వాల్వ్ కొసన ఉన్న ప్లాస్టిక్ ముక్క, బాక్సు లోపలి డిటెంట్ లివర్‌తో కలవాలి. కలవకుండా బిగిస్తే గేర్ లివర్ కదులుతుంది గానీ వాల్వ్ కదలదు, మళ్లీ మొత్తం దించాలి. బోల్టులు చేత్తో ఎక్కించి, లివర్‌ని ఎవరిచేతైనా ‘పి’ నుంచి ‘డి’ దాకా తిప్పించి వాల్వ్ జరగడం కళ్లతో చూశాకే బిగించాలి. వాల్వ్ బాడీకీ చాంబర్‌కీ 8 న్యూటన్ మీటర్లే. బోల్టులు దిగేవి అల్యూమినియం మరల్లోకి, మామూలు స్పానర్ చేతికి ఆ బిగువు తెలియదు, చిన్న టార్క్ రెంచి వాడాలి. చాంబర్ ప్లగ్‌కి 20, కన్వర్టర్ ప్లగ్‌కి 10.

ఆయిల్ డిప్‌స్టిక్ ట్యూబులోంచే పోయాలి, సన్నని పైపున్న గరాటుతో. నాలుగు లీటర్లు పోశాక ఇంజిన్ స్టార్ట్ చేసి, వెంటనే ఇంకో రెండు లీటర్లు, తర్వాత లివర్‌ని ప్రతి స్థానంలోనూ కొన్ని సెకన్లు నిలిపి, మిగిలింది కొంచెం కొంచెంగా. కొలిచిన పాత ఆయిల్‌కి సమానమయ్యాక ఆగి, మొదట తక్కువున్న లోటును 80 డిగ్రీల గీతతోనే పూరించాలి.

ఈజీఎస్ కప్లర్లు రెండు వైపులా కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి గాలి కొట్టి ఆరబెట్టాను. మాడ్యూల్ మూత తీసి చూస్తే లోపలి బోర్డు దాకా ఆయిల్ పోలేదు. పోయి ఉంటే బోర్డు కూడా కడగాల్సొచ్చేది, కొన్నిసార్లు మార్చాల్సి వస్తుంది. అప్పుడు కొత్తదాన్ని ఆ బండికి కోడింగ్ చేయాలి.

స్పీడ్ సెన్సర్ల గోల పోయింది, లింప్ పోయింది. ఒకటి-రెండు జెర్క్ మాత్రం కొంత మిగిలింది. ఇక్కడ అడాప్టేషన్ సంగతి. ప్లేట్లు అరిగేకొద్దీ ఈజీఎస్ క్లచ్ నింపే సమయం, ప్రెషర్ మార్చుకుంటూ నేర్చుకుంటుంది. చెడ్డ సెన్సర్‌తో నేర్చుకున్నది చెడ్డ పాఠమే. స్కానర్‌తో పాత విలువలు చెరిపి, ఆయిల్ 60 నుంచి 105 డిగ్రీల మధ్య ఉండగా లైట్ యాక్సిలరేటర్ మీద ప్రతి గేరు మార్పునూ పదేపదే జరిగేలా నడపాలి. ఖాళీగా ఉండే రోడ్డు కావాలి. ట్రాఫిక్‌లో నాలుగు-ఐదు పడనే పడదు.

అడాప్టేషన్ తర్వాత కూడా ఒక్కచోట ఇంజిన్ రేస్ అయి (ఉత్తినే వేగం పెరిగి) గేరు పడుతుంటే, ఎక్కడో చూసి లోపలి దోషి పేరు చెప్పొచ్చు. ఒకటి-రెండులోనూ, ఐదు-నాలుగు దిగేటప్పుడూ రెండింటిలో రేస్ అయితే కే1 క్లచ్. రెండు-మూడులో అయితే కే2; కే2 మూడు, నాలుగు, ఐదు గేర్లన్నింటినీ పట్టుకునేది కనక పై గేర్లలో లోడ్ మీద కూడా జారుతుంది. మూడు-నాలుగులో అయితే కే3. అలాంటిది పట్టుకుంటే అప్పుడు బాక్సు దింపొచ్చు, ఏం వెతకాలో తెలిసి దింపుతాం. ఈ బండిలో జెర్క్ క్రమంగా తగ్గి పోయింది, రేస్ ఎక్కడా లేదు.

ఒక పని మిగులుతుంది. హార్నెస్ లోపల అప్పటికే పీల్చుకున్న ఆయిల్ బుష్ మార్చాక కూడా వారాల తరబడి ఈజీఎస్ కప్లర్ వైపు ఊరుతూనే ఉంటుంది. కొత్త బుష్ కూడా లీకవుతోందని అనుకోవద్దు. కార్పెట్ ఎత్తి, కప్లర్ విప్పి, మళ్లీ క్లీనర్ కొట్టి, పిన్నుల దగ్గర టిష్యూ కాగితం ముక్క అద్ది చూడాలి. కాగితం పొడిగా వచ్చేదాకా అప్పుడప్పుడూ ఇదే. అదే సమయంలో ఆయిల్ లెవెల్ కూడా, ‘డి’లో ఉష్ణోగ్రత చదివి, మళ్లీ ఒకసారి.